ఆ 18 శాతం ఎవరి జేబులోకి?

అమెరికాలో తెలుగు రెస్టారెంట్లు నడుపుతున్న యజమానులకు బహిరంగ లేఖ



మీ బిల్లుల అడుగున ఈమధ్య ఒక కొత్త వరుస చేరింది: సర్వీస్ ఛార్జ్, 18 శాతం. మొదట్లో ఆరుగురో ఎనిమిదిమందో కలిసివస్తేనే వేసేవారు. పెద్ద బల్లకు చాకిరీ ఎక్కువ, సరేలే అనుకున్నాం. తర్వాత అది నలుగురికి దిగింది. ఇప్పుడు ఇద్దరం కూర్చుని రెండు దోసెలు తిన్నా పడుతోంది. దాని కింద మళ్ళీ 'టిప్పు' అని ఒక ఖాళీ గీత. పార్సిల్ అందుకుని పోదామని కౌంటరు దగ్గరికి వెళ్తే అక్కడా తెర మా వైపు తిరుగుతుంది. 18, 20, 25 అని మూడు గళ్ళు. ఇదేమిటని అడిగితే డాలస్ శివార్లలోనైనా, ఎడిసన్‌లోనైనా, ఫ్రీమాంట్‌లోనైనా దొరికే జవాబు ఒకటే: "మనవాళ్ళు టిప్పులివ్వరండీ, ఏం చెయ్యమంటారు?"

ఆ మాటకే ఈ జవాబు రాస్తున్నాను. మీరు వసూలు చేసిన డాలర్ల కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

మాలో పిసినారులు లేరని బుకాయించను. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో సోంపు గిన్నెలో చిల్లర వదిలేసి లేచే అలవాటుతో వచ్చినవాళ్ళం. బిల్లులో అయిదో వంతు విడిగా బల్ల మీద పెట్టాలని విమానం దిగగానే ఎవరూ చెప్పలేదు. పక్క బల్లవాళ్ళను చూసి నేర్చుకున్నాం. నేర్చుకోనివాళ్ళు ఇంకా ఉన్నారు, నిజమే. కానీ మీ దగ్గర పనిచేసే మనిషికి జీతం ఇవ్వడం ఎవరి బాధ్యత? మాదా, మీదా? మేము సరిగ్గా ఇవ్వడం లేదు కాబట్టి మా దగ్గర గుంజుతామంటున్నారు. మీరు సరిగ్గా ఇస్తున్నారా అన్న ప్రశ్న మాత్రం మీ నోట రావడం లేదు, మేమూ అడగడం లేదు.

ఈ వేసవిలో ఇంటిల్లిపాదీ ఫ్రాన్స్ వెళ్ళొచ్చాక అడగకుండా ఉండలేకపోతున్నాను.

పారిస్‌లో, లియోన్‌లో మధ్యాహ్నం పూట చిన్న చిన్న హోటళ్ళ బయట నల్లపలక మీద సుద్దముక్కతో ఆనాటి వంటలు రాసి పెడతారు. పలక మీద 19 యూరోలని ఉంటే, తిని లేచేటప్పుడు 19 యూరోలే ఇచ్చి వస్తాం. పన్ను అందులోనే. వడ్డించినవాడి కూలీ అందులోనే. ఇదంతా ఆ హోటలువాడి పెద్దమనసు అనుకోకండి. 1987 మార్చి 27 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ఒకటుంది: రెస్టారెంటువాడు చూపించే ధరలో పన్నూ, సేవా రుసుమూ రెండూ కలిసే ఉండాలి, ఆ ధరలు తలుపు బయట నిలబడ్డవాడికి కూడా కనిపించాలి. లోపల కూర్చుని, నీళ్ళు తాగి, పిల్లలకు ఆర్డర్ చెప్పాక బయటపడే ధర అంటూ ఉండకూడదన్నది దాని సారం. చాలా మెనూల అడుగున 'సేవ 15 శాతం కలిసి ఉంది' అని అచ్చువేసి ఉంటుంది. మొదటిరోజు నేను ఆ 15 శాతాన్ని మనసులో పైన కూడుకుంటూ కూర్చున్నాను. అమెరికాలో బతికే ఎవరి బుర్రయినా అలాగే నడుస్తుంది. బిల్లు వచ్చాక చూస్తే కూడడానికి ఏమీ లేదు. అది ధర లోపలి లెక్క.

ఇప్పుడు మీ బల్ల దగ్గర లెక్క చూద్దాం. మెనూలో చూసి ముగ్గురం 60 డాలర్లకు తిన్నాం అనుకోండి. డాలస్ పరిసరాల్లో అమ్మకపు పన్ను 8.25 శాతం, అంటే 4.95. మీ 18 శాతం 10.80. అప్పటికి 75.75. కొన్నిచోట్ల కార్డుతో చెల్లించినందుకు మరో 3 శాతం వేస్తున్నారు. అది కూడా కలిపితే 78 డాలర్లు దాటింది. ఖాళీ గీత ఇంకా అలాగే ఉంది. ఆ గీత మీద సున్నా చుట్టాలంటే పక్కన నిలబడ్డ కుర్రాడి మొహం చూడాలి. 60 అని చదివి కూర్చున్నవాడు 78 ఇచ్చి, పైగా నేరం చేసినవాడిలా తలొంచుకుని లేస్తున్నాడు. ఏ వ్యాపారంలో చెల్లుతుందండీ ఇది? చీరల షాపులో ధర చీటీ మీద ఒకటి రాసి, మడత పెట్టి ఇచ్చినందుకు ఇంకో 18 శాతం అంటే మీరు ఊరుకుంటారా?

పోనీ, డబ్బు సంగతి వదిలేద్దాం. ఆ 10 డాలర్ల 80 సెంట్లు ఎవరికి వెళ్తున్నాయి?

1933 జూలైలో ఫ్రాన్స్ ఒక చట్టం చేసింది. బిల్లులో సేవ పేరిట యజమాని వసూలు చేసిన సొమ్మూ, కస్టమర్లు తమంతట తాము యజమాని చేతిలో పెట్టిన టిప్పులూ, మొత్తం పైసాతో సహా, కస్టమర్‌తో నేరుగా మెలిగే సిబ్బందికే చేరాలి. తొంభై ఏళ్ళు దాటినా ఆ నియమం వాళ్ళ కార్మిక స్మృతిలో ఇప్పటికీ ఉంది. సేవ పేరు చెప్పి తీసుకున్నావా, సేవ చేసినవాడికి ఇయ్యి: అంతే దాని తర్కం. మన ఊళ్ళో హోటలు గల్లాపెట్టె దగ్గర కూర్చునే పెద్దాయనకు చెప్పినా అర్థమయ్యేంత తేలిక.

అమెరికాలో ఏముంది? ఇక్కడి చట్టం ఇంకో దారిలో పోయింది. కస్టమర్ ఇష్టపడి ఇచ్చిన టిప్పు సర్వర్ సొత్తు. యజమాని గానీ మేనేజరు గానీ దాన్ని ముట్టుకోకూడదని 2018లో చట్టాన్ని సవరించి మరీ గట్టిగా చెప్పారు. తప్పనిసరి చేసి వేసే సర్వీస్ ఛార్జ్ మాత్రం ఫెడరల్ నియమాల దృష్టిలో టిప్పే కాదు, అది యజమాని ఆదాయం. సర్వర్‌కు అంతా ఇవ్వవచ్చు, సగం ఇవ్వవచ్చు, ఏమీ ఇవ్వకపోవచ్చు. కొన్ని రాష్ట్రాల్లో కట్టడి ఉంది కానీ ఫెడరల్ చట్టం మటుకు ఇంతే. అంటే, మేము చేత్తో ఇచ్చే డబ్బుకు ఉన్న రక్షణ మీరు బిల్లులో వేసే డబ్బుకు లేదు. ఈ సంగతి మాకు తెలియదనే ధీమాతోనే కదా ఆ వరుసకు 'గ్రాట్యుటీ' అనే ముద్దుపేరు కూడా పెడుతున్నారు?

ఇంకొక సంగతి. టిప్పుల మీద పన్ను లేదని 2025లో పెద్దగా ప్రచారం జరిగింది. ఆ ఏడాది జూలై 4న సంతకమైన చట్టం ప్రకారం సర్వర్లు ఏడాదికి 25,000 డాలర్ల దాకా టిప్పుల ఆదాయాన్ని ఫెడరల్ ఆదాయపు పన్ను లెక్కలోంచి మినహాయించుకోవచ్చు. 2028 దాకా ఈ వెసులుబాటు ఉంది. ఆ చట్టం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. నా దృష్టిలో అది జీతాలు పెంచకుండా తప్పించుకునే ఉపాయమే. కానీ అందులో ఒక షరతు ఉంది: ఆ టిప్పు కస్టమర్ స్వచ్ఛందంగా ఇచ్చినదై ఉండాలి. మీరు బలవంతంగా వేసిన 18 శాతం దాని కిందికి రాదు. దాన్ని మీరు నిజాయతీగా సర్వర్‌కే మొత్తం ఇచ్చినా అది మామూలు జీతం లెక్కే. ఆ మినహాయింపు దానికి వర్తించదు. సర్వర్ల బాగు కోసమే ఈ 18 శాతం అంటున్నారు కదా, ఈ లెక్క మీ అకౌంటెంటు మీకు చెప్పలేదా? చెప్పినా మీరు వినలేదా?

'ఇది అమెరికా అండీ, ఇక్కడి పద్ధతి ఇంతే' అంటారని తెలుసు. పద్ధతి సంగతే చూద్దాం. టిప్పు అమెరికాలో పుట్టిన అలవాటేమీ కాదు. 19వ శతాబ్దంలో డబ్బున్నవాళ్ళు యూరప్ తిరిగొచ్చి ఇక్కడ అంటించిన జబ్బు. అంతర్యుద్ధం తర్వాత, అప్పుడే బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్ళను రైళ్ళలోనూ హోటళ్ళలోనూ జీతం లేకుండానో, పేరుకింత జీతానికో పనిలో పెట్టుకోవడానికి యజమానులకు అది బాగా అక్కరకొచ్చింది. అది ప్రజాస్వామ్యానికి తగని పద్ధతని 1909లో వాషింగ్టన్ రాష్ట్రం టిప్పును నిషేధించింది కూడా. మరికొన్ని రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. 1926 నాటికి ఆ చట్టాలన్నీ రద్దయ్యాయి. యూరప్ ఆ అలవాటును చాలావరకు వదిలించుకుంది, అమెరికా పట్టుకుని కూర్చుంది.

ఫలితం? టిప్పులు అందుకునే ఉద్యోగికి యజమాని చేతి నుంచి ఇవ్వాల్సిన ఫెడరల్ కనీస వేతనం గంటకు 2 డాలర్ల 13 సెంట్లు. 1991 నుంచి అంతే. ఆ ఏడాదే పి.వి. నరసింహారావు గారు ప్రధాని అయ్యారు, ఒక దేశం తన ఆర్థిక విధానాన్నే తిరగరాసుకుంది. టెక్సాస్‌లో సర్వర్ జీతం అప్పుడెక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది. టిప్పులతో కలిపినా గంటకు 7.25 డాలర్ల మామూలు కనీస వేతనానికి చేరకపోతే మిగతాది యజమాని పూడ్చాలని నియమం, ఆ 7.25 కూడా 2009 నాటిది. ఫ్రాన్స్‌లో 2024 నవంబరులో కనీస వేతనం గంటకు 11.88 యూరోలు. ధరలు పెరిగితే అదీ పెరుగుతుంది. సర్వర్లకని విడిగా ఒక తక్కువ రేటు లేదు. ఏడాదికి అయిదు వారాలు జీతంతో సెలవు. అక్కడి సర్వర్ మీ సర్వర్ కంటే బాగా సంపాదిస్తున్నాడని నేననడం లేదు. శుక్రవారం రాత్రి మంచి హోటల్లో టిప్పులతో అమెరికా సర్వరే ఎక్కువ పట్టుకెళ్ళవచ్చు. మంగళవారం మధ్యాహ్నం, వాన పడుతున్నప్పుడు, మీ హోటల్లో ఇద్దరే కూర్చున్నప్పుడు ఎవరి పరిస్థితి ఏమిటన్నదే నా ప్రశ్న. ఆ వాన నష్టం వ్యాపారిది కావాలి కదా? సర్వర్‌ది ఎలా అయింది?

అయినా చట్టం 2.13 ఇవ్వవచ్చు అంది, 2.13 మాత్రమే ఇవ్వాలని ఎక్కడా అనలేదు. కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఆరెగన్, నెవాడా, మిన్నెసోటా, మోంటానా, అలాస్కాల్లో సర్వర్‌కు టిప్పులతో సంబంధం లేకుండా పూర్తి కనీస వేతనం ఇవ్వాల్సిందే. అక్కడా తెలుగు హోటళ్ళున్నాయి, అక్కడా బిర్యానీ అమ్ముడుపోతోంది. మరి ఆ ఏడు రాష్ట్రాల్లో కూడా బిల్లు కింద 18 శాతం ఎందుకుంటోంది? కాలిఫోర్నియాలో ఇలాంటి దొంగచాటు రుసుములను 2024 జూలై నుంచి నిషేధించారు. చివరి నిమిషంలో రెస్టారెంట్లకు మినహాయింపు వచ్చింది, మెనూ మీద స్పష్టంగా రాస్తే చాలన్నారు. స్పష్టంగా అంటే ఆఖరి పేజీలో, ఎర్ర మిరపకాయ బొమ్మ కింద, భూతద్దం పెట్టి వెతికితే తప్ప కనిపించని అక్షరాల్లో కాదు గదా.

మీ ఇబ్బందులు తెలియనివి కావు. అద్దె పెరిగింది. వంటవాళ్ళు దొరకరు, దొరికినవాళ్ళు నిలవరు. డెలివరీ యాప్‌లు ఆర్డర్ మీద 30 శాతం దాకా కోసుకుంటాయి. పక్క ప్లాజాలో నెలకొక కొత్త బిర్యానీ హోటలు వెలుస్తుంది. ఖర్చు పెరిగితే ధర పెంచండి. 16.99 అని రాసే బిర్యానీని 20 డాలర్లని రాయండి. మీ 18 శాతం అందులోకి వచ్చేసింది. తినాలనుకున్నవాడు తింటాడు, వద్దనుకున్నవాడు పప్పన్నం వండుకుంటాడు. కానీ మీరు ఆ పని చెయ్యరు, ఎందుకంటే పక్కవాడి మెనూలో 16.99 కనిపిస్తుంది, మీ దగ్గర 20 కనిపిస్తుంది. అంటే ఆ 18 శాతం కింద దాక్కున్నది సర్వర్ మీద జాలి కాదు, పక్కవాడంటే భయం.

ఆ భయం ఉత్తిదని కొట్టిపారెయ్యను. న్యూయార్కులో డానీ మేయర్ అంతటి హోటలు వ్యాపారి 2015లో తన రెస్టారెంట్లలో టిప్పులు రద్దు చేసి, సేవను ధరలో కలిపేశాడు. అయిదేళ్ళ తర్వాత, 2020లో, వెనక్కి తగ్గి టిప్పులు మళ్ళీ తెచ్చాడు. చుట్టూ అందరూ తక్కువ ధర రాసి కింద టిప్పు గీత పెడుతుంటే ఒక్కడు నిజం ధర రాస్తే ఎక్కువ ధరవాడిలా కనిపిస్తాడు. ఫ్రాన్స్‌లో ఈ పని ఎవరి సాహసానికీ వదిలెయ్యకుండా చట్టం చేసింది అందుకే. కానీ డానీ మేయర్ కనీసం తన సేవను ధరలో కలిపి చూపించి ఓడాడు. మీరు ధర తక్కువ చూపిస్తూనే రుసుము తప్పనిసరి చేశారు. రెండు పద్ధతుల్లోనూ మీకు లాభించే ముక్క మాత్రం ఏరుకున్నారు.

టిప్పు ఆశ లేకపోతే సర్వర్ సరిగ్గా చూసుకోడని కూడా కొందరంటారు. మా అత్తగారు శుద్ధ శాకాహారి. లియోన్‌లో ఒక చిన్న హోటల్లో ఉల్లిపాయ సూపు అడిగారు. రాసుకోబోతున్న సర్వర్ ఆమె ప్రశ్నలు విని ఆగి, అందులో ఎద్దుమాంసం కాచిన నీళ్ళు ఉంటాయని తనే చెప్పాడు. ఆ ఊరి పేరున్న వంటకం కనెల్ వద్దని, అందులో చేప ఉంటుందని అన్నాడు. వంటగదిలోకి వెళ్ళి మాట్లాడొచ్చి, వేడి మేక చీజు వేసిన ఆకుకూరల పళ్ళెం తెచ్చాడు. ఒక్కసారి కూడా నవ్వలేదు. నవ్వాల్సిన అవసరం అతనికి లేదు. అతని అద్దె డబ్బు ఆ నవ్వు మీద ఆధారపడి లేదు. వెళ్ళేటప్పుడు మేం రెండు యూరోల బిళ్ళ పెడితే చిన్నగా తలాడించి తీసుకున్నాడు. పెట్టకపోతే వెనకాలే వచ్చేవాడూ కాదు.

ఫ్రాన్స్‌ను నెత్తిన పెట్టుకుని ఊరేగించడం నా ఉద్దేశం కాదు. చాలాచోట్ల మధ్యాహ్నం రెండు దాటితే వంటిల్లు మూసేస్తారు. రాత్రి ఏడు దాకా పిల్లలు ఏడ్చినా పొయ్యి వెలగదు. అరుగుల మీద పక్క బల్లవాడి సిగరెట్ పొగ మన పళ్ళెంలోకి వస్తుంది. పప్పు, నెయ్యి, ఆవకాయ కోసం నాలుక పీకితే పారిస్‌లో గార్ దు నోర్ స్టేషన్ వెనక తమిళుల వీధుల్లోకి పోవాల్సిందే, మేమూ పోయాం. పర్యాటకులు కిక్కిరిసే వీధుల్లో కార్డు మిషన్ మీద టిప్పు గళ్ళు అక్కడా మొదలయ్యాయి. అమెరికన్లను చూసి నేర్చుకున్న విద్యే అది. నీళ్ళ విషయంలో మీరూ తీసిపోరు: వాళ్ళు కూజాతో కుళాయి నీళ్ళు ఉచితంగా పెడతారు, మీరు సగం గ్లాసు ఐసుతో సహా పెడతారు.

కానీ ఒకటి. అక్కడ ఒకసారి కూర్చున్నాక ఆ బల్ల మనదే. బిల్లు మనం అడిగితే తప్ప రాదు. అడగకుండా తెచ్చిపెట్టడం లేచిపొమ్మనడంతో సమానమని వాళ్ళ భావన. మీ దగ్గర శనివారం రాత్రి గులాబ్‌జామ్ నోట్లో ఉండగానే బిల్లు వస్తుంది. పదేళ్ళ తర్వాత కలిసిన స్నేహితులతో మాట సగంలో ఉండగా 'ఇంకేమైనా కావాలా అండీ' అని మూడోసారి అడుగుతారు. తలుపు దగ్గర చీటీ రాయించుకుని నిలబడ్డవాళ్ళు ఉన్నారు, నిజమే. సర్వర్‌కు బల్ల ఎంత తొందరగా ఖాళీ అయితే అన్ని టిప్పులు, మీకు అన్ని బిల్లులు. మేము డబ్బిచ్చి కొనుక్కుంటున్నది అన్నం ఒక్కటే అయితే ఇంట్లో తినేవాళ్ళం కదా? సేవ అని రాసి 18 శాతం తీసుకున్నప్పుడు ఆ సేవలో కూర్చోనివ్వడం లేదా?

మెనూ సంగతి కూడా ఎత్తకుండా ఉండలేను, కొంచెం పక్కదారే అయినా. ఫ్రాన్స్‌లో 2014 నుంచి 'ఇక్కడే వండింది' అని చెప్పే గుర్తు ఒకటుంది, పైకప్పు మూతగా ఉన్న గిన్నె బొమ్మ. ముడి సరుకుతో అక్కడే వండిన వంటకానికే ఆ గుర్తు వెయ్యాలి. బేకరీ విషయంలో నియమం ఇంకా గట్టిది: పిండి అక్కడే కలిపి అక్కడే కాల్చనివాడు తన కొట్టుకు బేకరీ అని బోర్డు పెట్టుకోకూడదని 1998లో చట్టమే చేశారు. వాళ్ళ పలక మీద నాలుగు వంటలే ఉంటాయి. మీ మెనూలో రాజుగారి కోడి పులావు, ఉలవచారు బిర్యానీ, గోంగూర మటన్, గుంటూరు, నెల్లూరు, రాయలసీమ అంటూ నూట యాభై పేర్లుంటాయి. సగం పేర్ల వెనక ఒకే గ్రేవీ గిన్నె ఉంటుందని మీకూ తెలుసు, మాకూ తెలుసు. ధర గురించి రాసిందీ, వంట గురించి రాసిందీ రెండూ నమ్మలేకపోతే ఆ కార్డు ఎందుకు అచ్చువేయించడం?

అన్నిటికంటే బాధ కలిగించేది ఆఖరికి చెబుతున్నాను. మీ దగ్గర నీళ్ళు పోసే పిల్లలు, ప్లేట్లు తీసే పిల్లలు ఎవరు? ఖమ్మం నుంచో కర్నూలు నుంచో ఎమ్మెస్ చదవడానికి వచ్చినవాళ్ళు అందులో ఉన్నారు. అప్పు చేసి వచ్చినవాళ్ళు. విద్యార్థి వీసా మీద క్యాంపస్ బయట అనుమతి లేకుండా పనిచెయ్యకూడదు. ఆ నిబంధన వాళ్ళకూ తెలుసు, మీకూ తెలుసు. అయినా పెట్టుకుంటారు, చేతికి నగదు ఇస్తారు, ఎంత ఇచ్చారన్నది ఎక్కడా రాయరు. అందరూ ఇలా చేస్తున్నారని అనను. చెయ్యనివాళ్ళు ఈ పేరా దాటి వెళ్ళండి. చేసేవాళ్ళను అడుగుతున్నాను: ఫిర్యాదు చేస్తే తన వీసాకే ముప్పని వణికే పిల్లాడి పేరు చెప్పి మా దగ్గర 18 శాతం వసూలు చేసి, అందులో వాడికెంత ఇచ్చారు? పనిచేసిన గంటలకు కనీస వేతనం ఇవ్వాలన్న చట్టం ఆ మనిషి దగ్గర ఏ కాగితాలున్నాయని అడగదు. 2025 మొదట్లో దేశం నుంచి పంపేస్తారన్న భయంతో ఎంతోమంది పిల్లలు ఈ పనులు మానుకున్నారు. మానుకున్నవాళ్ళకు ఆఖరి వారం డబ్బు ముట్టిందా?

ఇక స్వదేశం సంగతి. సర్వీస్ ఛార్జ్‌ను బిల్లులో తమంతట తాము కలపకూడదని 2022 జూలై 4న భారత కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. రెస్టారెంటు సంఘాలు కోర్టుకెక్కాయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలు సరైనవేనంది. జూబ్లీహిల్స్‌లో ఎవరైనా ఇలా వేస్తే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యవచ్చు. పారిస్‌లో కుదరనిది, హైదరాబాద్‌లో కుదరనిది, ఆ హైదరాబాద్ పేరే వాడుకుని వ్యాపారం చేసే మీకు టెక్సాస్‌లోని ప్లేనోలో ఎలా కుదురుతోంది?

మీ హోటళ్ళు మాకు ఉత్త హోటళ్ళు కావు కాబట్టే ఇంత రాశాను. ఇక్కడ మాకు మేనమామ ఇల్లు లేదు, పిన్ని ఇల్లు లేదు. సీమంతాలు మీ వెనక హాల్లో, బారసాలలు మీ వెనక హాల్లో. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను విమానాశ్రయం నుంచి నేరుగా మీ దగ్గరికే తీసుకొస్తాం. వాళ్ళ ఎదుట బిల్లు చూసి మొహం మార్చుకోకుండా ఉండటానికి మేం పడే అవస్థ మీకెలా తెలుస్తుంది? డొక్కా సీతమ్మ గారిలా వేళ కాని వేళ వచ్చినవాడికి ఉచితంగా పెట్టమని ఎవరూ అడగడం లేదు. అమ్ముకోండి. ధర చెప్పి అమ్ముకోండి.

ఈ నెలాఖరులోపు మీరు చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి, ఏ చట్టసభ అనుమతీ అక్కర్లేదు. ఆ 18 శాతాన్ని వంటకాల ధరల్లో కలిపి, కింది గీతను తీసెయ్యండి. కలపడం ఇష్టం లేకపోతే తప్పనిసరి వరుసను ఎత్తేసి, మా ఇష్టానికి వదిలెయ్యండి; ఇవ్వనివాడిని మేమే సిగ్గుపడేలా చేస్తాం, ఆ పని మాకు బాగానే వచ్చు. రెండూ కుదరవంటే, తలుపు బయటే పెద్ద అక్షరాల్లో రాయండి, కూర్చోకముందే తెలుసుకుని వెనక్కి తిరగనివ్వండి.

ఇవేవీ చెయ్యలేమంటే ఒక్క ప్రశ్నకు మాత్రం బిల్లు మీదే జవాబు అచ్చువెయ్యండి: పోయిన నెల సర్వీస్ ఛార్జ్ కింద వసూలైన మొత్తం ఎంత, అందులో సర్వర్ల చేతికి వెళ్ళింది ఎంత?

ఇట్లు,
ప్లేనో, టెక్సాస్ నుంచి
మీ పాత కస్టమర్